రెండు వేల ఏళ్లనాటి స్టోయిక్ తత్వం ఇప్పుడు ఇంతమందికి ఎందుకు నచ్చుతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీకు ఇరవై తొమ్మిదేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసులో లేఆఫ్‌ల టెన్షన్. ఫోన్ తెరిస్తే స్టోయిక్ తత్వం పాటించిన రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ కొటేషన్లు. ఎప్పటివో గ్రీకు, రోమన్ మాటలు ఇప్పటివాళ్లని ఎందుకింత ఆకట్టుకుంటున్నాయి, నిజంగా పనికొస్తాయా లేక నాలుగు రోజుల ఫ్యాషనా, మనకి భగవద్గీత ఉండగా ఇవెందుకు అని అడిగారు.

సూటిగా చెప్తాను. పనికొస్తాయి, కానీ రీల్స్‌లో చూపిస్తున్న పనికి కాదు. రీల్స్‌లో స్టోయిక్ అంటే కండలు తిరిగిన పాలరాతి విగ్రహం, వెనక ఢమఢమ మ్యూజిక్, 'దేనికీ చలించకు' అనే ఒక ఆజ్ఞ. పాత స్టోయిక్కులు చెప్పింది అది కాదు. భయమో కోపమో మొదట తన్నుకొచ్చే క్షణం మన చేతిలో లేదని వాళ్లు ఒప్పుకున్నారు. దాని తర్వాతి క్షణం మీద పని చేశారు. ఈ కాలపు పాఠకుడికి ఊపిరాడేది సరిగ్గా అక్కడే అని నా అభిప్రాయం.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని, విజయవాడలో ప్రాక్టీసు. నా వృత్తిలో రోజూ వాడే పద్ధతికి మూలాలు ఈ తత్వంలో ఉన్నాయి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. మధ్యలో చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

క్రీ.శ. రెండో శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత ఒక ఓడ ప్రయాణం గురించి రాశాడు. గ్రీసు వైపు నుంచి ఇటలీలోని బ్రండీసియం రేవుకి వస్తున్నారు. రాత్రంతా తుఫాను. అదే ఓడలో ఏథెన్స్‌లో బాగా పేరున్న స్టోయిక్ గురువు ఒకాయన ఉన్నాడు. ఇలాంటప్పుడు ఈయన ఎలా ఉంటాడో చూద్దామని గెల్లియస్ అటు చూస్తే, ఆయన ముఖం కూడా మిగతావాళ్ల ముఖాల్లాగే పాలిపోయి ఉంది. ఏడుపులూ పెడబొబ్బలూ లేవు, అంతే తేడా. గాలి తగ్గాక ఆసియా నుంచి వచ్చిన ఒక డబ్బున్న గ్రీకు ఆసామి వెటకారం మొదలుపెట్టాడు. 'నేను బెదరలేదు, నువ్వు తత్వవేత్తవి, నీ రంగు మారిందేం?' అని. గురువు అతన్ని ఏదో మాటతో వదిలించుకున్నాడు. తర్వాత గెల్లియస్ మర్యాదగా అడిగితే, సంచిలోంచి స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ ప్రసంగాల ఐదో భాగం తీసి ఇచ్చాడు.

అందులో ఉన్న సంగతి ఇది. హఠాత్తుగా పెద్ద చప్పుడో చెడ్డ వార్తో వస్తే జ్ఞానికైనా ఒళ్లు జలదరిస్తుంది, రంగు మారుతుంది. బుద్ధి తన పని మొదలుపెట్టేలోపే శరీరం కదిలిపోతుంది. జ్ఞానికీ మామూలు మనిషికీ తేడా ఆ తర్వాత వస్తుంది. మామూలు మనిషి 'అవును, ఇది నిజంగానే ఘోరం' అని ఆ మొదటి కుదుపు కింద సంతకం పెట్టేస్తాడు. జ్ఞాని పెట్టడు. ఎపిక్టెటస్ ప్రసంగాల్లో ఇప్పుడు మనకి పూర్తిగా మిగిలినవి నాలుగు భాగాలే, ఆ ఐదోది పోయింది. గెల్లియస్ ఎత్తి రాసుకోబట్టి ఈ ముక్క మనదాకా వచ్చింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ కథ చెప్తాను. గ్రూప్-1 ఇంటర్వ్యూకి తయారవుతున్న ఒకమ్మాయికి మాక్ ఇంటర్వ్యూలో అరచేతులు తడిసిపోయేవి, గొంతు వణికేది. ఆమెని ఎక్కువ బాధపెట్టింది వణుకు కాదు. 'ఇంత చదివి కూడా వణుకుతున్నాను, నేను దీనికి పనికిరాను' అనే తీర్పు. వణుకుని ఆపడానికి పోరాడేకొద్దీ అది పెరిగేది. ఓడలో గురువు కూడా పాలిపోయాడని విన్నాక ఆమె గట్టిగా నవ్వింది. తర్వాత మేము చేసిన పని చాలా మామూలుది: చేతులు తడుస్తాయి, తడవనివ్వండి, రుమాలు పెట్టుకోండి, దాని కింద తీర్పు మాత్రం రాయకండి. వణుకు పూర్తిగా పోయిందని చెప్పను. దాన్ని పట్టించుకోకుండా జవాబులు చెప్పడం వచ్చింది.

ఇది నేను కనిపెట్టిన వైద్యం కాదు. 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతులే నేటి సీబీటీకి, అంటే ఆలోచనని పరిశీలించి ప్రవర్తనని మార్చే చికిత్సకి, పునాది. ఇద్దరూ స్టోయిక్కుల ఋణం దాచుకోలేదు. డిప్రెషన్ చికిత్స మీద బెక్, ఆయన సహచరులు 1979లో వేసిన గ్రంథంలో, తమ పద్ధతికి తాత్విక మూలాలు స్టోయిక్కుల దగ్గర ఉన్నాయని రాశారు. ఎల్లిస్ అయితే ఎపిక్టెటస్ మాటనే తిరిగి తిరిగి చెప్పేవాడు: మనుషుల్ని కలవరపెట్టేది జరిగిన సంగతి కాదు, దాని గురించి వాళ్లు చేసుకున్న తీర్పు. ఒక మెలిక కూడా చెప్పాలి. సీబీటీని దశాబ్దాలుగా రోగుల మీద పరీక్షించి చూశారు. మార్కస్ పుస్తకం 'మెడిటేషన్స్' చదివితే డిప్రెషన్ తగ్గుతుందని ఎవరూ ఆ స్థాయిలో నిరూపించలేదు. తాతకి వచ్చిన పేరంతా మనవడు సంపాదించింది, అది గుర్తుపెట్టుకోండి.

నచ్చడానికి ఇంకో కారణం, రాసినవాళ్ల పరిస్థితులు. ఎపిక్టెటస్ ఇప్పటి టర్కీలోని హైరాపొలిస్‌లో పుట్టి బానిసగా పెరిగినవాడు, కుంటివాడు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని రోమ్ నుంచి వెళ్లగొడితే గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టుకున్నాడు. తను ఒక్క అక్షరం ప్రచురించలేదు, శిష్యుడు అరియన్ నోట్స్ రాసుకున్నాడు. రోమన్ రచయిత, రాజకీయవేత్త సెనెకా క్రీ.శ. 41లో కోర్సికా దీవికి బహిష్కరణకి వెళ్లి, 49లో తిరిగొచ్చి, బాలుడైన నీరోకి గురువై, చివరికి 65లో ఆ నీరో ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకున్నాడు. మార్కస్ అరేలియస్ 161 నుంచి 180 దాకా చక్రవర్తి. ఒకవైపు సామ్రాజ్యమంతా పాకిన మహమ్మారి, ఇంకోవైపు డాన్యూబ్ సరిహద్దులో ఏళ్ల తరబడి యుద్ధం, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోయిన పిల్లలు. ఆయన రాసుకున్న నోట్స్‌లో కొంత ఆ యుద్ధ శిబిరాల్లోనే రాసుకున్నాడు. ఎవరో చదువుతారని రాయలేదు. అందుకే ఐదో భాగం మొదట్లో, పొద్దున్నే పక్క మీంచి లేవబుద్ధి కాని తనతో తనే వాదించుకుంటాడు. లేచి చెయ్యాల్సింది మనిషి పని కదా, దుప్పటి కింద వెచ్చగా పడుకోడానికే పుట్టావా అని తనని తనే తిట్టుకుంటాడు. చక్రవర్తికి కూడా సోమవారం ఉదయాలున్నాయని తెలిస్తే ఎవరికైనా దగ్గరితనం వస్తుంది. ఉపదేశం చేసేవాడి మాట కన్నా, తనకి తను నచ్చజెప్పుకునేవాడి మాట చెవికెక్కుతుంది.

స్టాక్‌డేల్ కథ కూడా మీరు చూసే ఉంటారు. 1965లో ఉత్తర వియత్నాంలో విమానం కూలి పట్టుబడి, ఏడేళ్లకి పైగా ఖైదులో ఎపిక్టెటస్‌ని తలుచుకుంటూ నిలబడిన అమెరికా నౌకాదళ పైలట్. కథ నిజమే, గొప్పదే. కానీ మీకున్నది చిత్రహింసల జైలు కాదు, అప్రైజల్ మీటింగ్. ఆ కొలతతో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి.

చరిత్రకారుల్లో కొందరు ఇంకో వివరణ ఇస్తారు. అలెగ్జాండర్ తర్వాత గ్రీకు నగరాల స్వాతంత్ర్యం పోయింది, మామూలు పౌరుడి చేతిలో ఏమీ మిగల్లేదు, అందుకే క్రీ.పూ. 300 ప్రాంతంలో ఈ తత్వాన్ని మొదలుపెట్టిన జీనో ఏథెన్స్ సంతవీధి పక్కన బొమ్మల మండపంలో నిలబడి 'మీ మనసు మీదే' అంటే జనం విన్నారు, ఇప్పుడూ అదే పరిస్థితి అని. నాకిది సగమే నమ్మకం. చేతిలో ఏమీ లేని కాలాలు చరిత్రనిండా ఉన్నాయి, అన్నిట్లోనూ జనం స్టోయిక్కులు కాలేదు.

'మన చేతిలో ఉన్నది, లేనిది' అనే విభజన దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఎపిక్టెటస్ ప్రసంగాల సారంగా వచ్చిన చిన్న చేతిపుస్తకం మొదలయ్యేదే దానితో. మన అభిప్రాయాలు, కోరికలు, విముఖతలు, మనం ఎటు మొగ్గుతామన్నది మనవి. శరీరం, ఆస్తి, పేరు, పదవి మనవి కావు. ఇది చదివి 'అయితే లేఆఫ్ నా చేతిలో లేదు, వదిలేశాను' అని చేతులు ముడుచుకుంటే అది స్టోయిక్ తత్వం కాదు, బద్ధకం. రోమన్ రచయిత సిసెరో రాసిన చోట స్టోయిక్కుల పోలిక ఒకటి ఉంది, విలుకాడిది. గురి చూడటం, విల్లు లాగటం, వదలటం అతని పని. బాణం వెళ్లాక గాలి వీస్తే అతనేం చేస్తాడు? తగలాలనే కోరుకుంటాడు, కానీ తన విలువని తగలడం మీద పెట్టడు. మీ విషయంలో విల్లు అంటే రెజ్యూమె తిరగరాయడం, ఆరు నెలల ఖర్చుకి డబ్బు పక్కన పెట్టడం, పాత మేనేజర్లకి ఫోన్ చేయడం, ఇంట్లో చెప్పడం. చివరిది చాలామంది చెయ్యరు. లిస్టులో ఎవరి పేరుందో హెచ్ఆర్ వాళ్లని అడిగి అడిగి, రాత్రి ఒంటిగంటకి టీమ్ వాట్సాప్ గ్రూపులో పుకార్లు చదవడం మాత్రం గాలితో కుస్తీ.

ఆరోగ్యం, డబ్బు వద్దని కూడా వాళ్లనలేదు. అవి ఉంటే మంచిదే, ఎంచుకోదగినవే, కానీ అవి మనిషిని మంచివాణ్ణో చెడ్డవాణ్ణో చెయ్యవు అన్నారు. సెనెకా అయితే ఆ కాలపు కోటీశ్వరుల్లో ఒకడు. పేదరికాన్ని పొగుడుతూ ఇంత ఆస్తి ఏమిటని అప్పుడే జనం వేలెత్తి చూపారు. ఆ విమర్శలో పస ఉందనే నేననుకుంటాను.

ఇక నాకు కోపం తెప్పించే రకం వాడకం. ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. ఆమె ఏడుస్తుంటే ఆయన ప్రశాంతంగా ఫోన్ వైపు చూస్తూ, 'నేను స్టోయిసిజం ఫాలో అవుతాను మేడమ్, ఆవిడ ఎమోషన్స్ ఆవిడ చేతిలో ఉన్నాయి' అన్నాడు. ఇలాంటివాళ్ల కోసమే ఎపిక్టెటస్ ప్రసంగాల మొదటి భాగంలో పదకొండో అధ్యాయం ఉన్నట్టుంది. ఒక అధికారి ఆయన దగ్గరికొచ్చి, 'నా చిన్న కూతురికి జబ్బు చేసింది, ప్రేమ కొద్దీ చూడలేక ఇల్లు వదిలి వెళ్లిపోయాను, నయమైందని కబురొచ్చాకే వచ్చాను' అంటాడు. ఎపిక్టెటస్ వదలడు. తల్లికి ప్రేమ లేదా? ఉంది. అయితే ఆమె కూడా వదిలేసి వెళ్లాల్సిందా? దాదికి? పిల్లని ప్రేమించే ప్రతి ఒక్కరూ ప్రేమ కొద్దీ వెళ్లిపోతే, ఆ పిల్ల పట్టించుకోనివాళ్ల చేతుల్లో పోవాలా? చివరికి ఆ తండ్రే ఒప్పుకుంటాడు. స్టోయిక్ అంటే గదిలోంచి లేచి వెళ్లేవాడు కాదు, గదిలో ఉండగలిగేవాడు. ఇంకోచోట ఆయనే అంటాడు, విగ్రహంలా చలనం లేకుండా ఉండకూడదు, కొడుకుగా, అన్నదమ్ముడిగా, తండ్రిగా, పౌరుడిగా సంబంధాలు నిలుపుకోవాలి అని. రీల్స్‌లో చూపించేది ఆ విగ్రహాన్నే.

చేతిపుస్తకం ముప్ఫయ్యో అధ్యాయం కూడా మన ఇళ్లకి బాగా తగులుతుంది. తండ్రి చెడ్డవాడైతే? ప్రకృతి నీకు ఇచ్చింది తండ్రిని, మంచి తండ్రిని ఇస్తానని మాటివ్వలేదుగా అంటాడు. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములతో మాటలు పోయిన వాళ్లకి ఈ మాట కొన్నిసార్లు ఉపయోగపడింది. కొన్నిసార్లు మండింది కూడా, అదీ న్యాయమే. కొట్టే భర్త విషయంలోనూ, జీతం ఎగ్గొట్టే యజమాని విషయంలోనూ ఈ అధ్యాయాన్ని నేను ఎవరికీ ఇవ్వను. సహించడం ఈ తత్వంలో సగమే, న్యాయం ఇంకో సగం. వివేకం, ధైర్యం, నిగ్రహంతో పాటు న్యాయాన్నీ నాలుగు సుగుణాల్లో పెట్టారు. వెస్పేసియన్ చక్రవర్తి సెనేట్‌కి రావద్దంటే, సభ్యుడిగా ఉన్నంతకాలం వస్తాను, అడిగితే నాకు సరైనదనిపించింది చెప్తాను అన్న హెల్విడియస్ ప్రిస్కస్ స్టోయిక్కే. ప్రాణం పోగొట్టుకున్నాడు. మరోపక్క, బానిసలూ మనుషులేనని అంత బాగా ఉత్తరం రాసిన సెనెకా బానిసత్వం పోవాలని మాత్రం అడగలేదు. రెండూ చూడాలి.

భగవద్గీత సంగతికొద్దాం. రెండో అధ్యాయం చివర్లోని స్థితప్రజ్ఞుడి లక్షణాలు చదివినవాళ్లకి స్టోయిక్కులు చుట్టాల్లా అనిపిస్తారు. పని నీది, ఫలం నీది కాదు అన్నమాట విలుకాడి పోలికకి చాలా దగ్గర. కానీ పునాదులు వేరు. గీతకి ఆత్మ, జన్మలు, మోక్షం ఉన్నాయి. స్టోయిక్కులకి విశ్వాన్ని లోపలినుంచి నడిపే బుద్ధి ఉంది, అందులో మనం ఒక ముక్క, లెక్క అంతా ఈ జన్మలోనే. ఇప్పటి పాఠకులు ఆ విశ్వబుద్ధిని కూడా పక్కన పెట్టి అలవాట్లు మాత్రమే తీసుకుంటున్నారు. నమ్మకం అడక్కుండా పనికొచ్చే అలవాటు దొరకడమూ ఈ ఆకర్షణలో భాగమే. మీకు గీత అలవాటుంటే దాన్ని వదిలి ఇటు రావాల్సిన అవసరం నాకు కనిపించదు. మన కుర్రాళ్లు మార్కస్ వైపు వెళ్లడానికి కారణం గీతలో లోపం కాదనుకుంటాను. మన ఊళ్లలో మైకులో గీత వినబడితే 'ఎవరు పోయారు?' అని అడుగుతాం. పెద్దవాళ్ల చేతిలో క్లాసు పీకే సాధనంగా, చావింటి శబ్దంగా పరిచయమైన పుస్తకాన్ని ఇరవై ఐదేళ్లకి తనంతట తాను తెరిచేవాళ్లు తక్కువ. మార్కస్‌ని చూపించి వాళ్లని ఎవరూ తిట్టలేదు మరి.

ఆచరణకి రెండు చెప్తాను. ఒకటి సెనెకాది, కోపం మీద రాసిన గ్రంథం మూడో భాగంలో ఉంది. రాత్రి దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఉంటే, ఆ రోజంతా ఏం చేశాడో, ఏమన్నాడో తిరిగి చూసుకునేవాడు. ఫలానావాడితో మరీ గట్టిగా మాట్లాడావు, ఈసారికి క్షమించాను, ఇంకోసారి చెయ్యకు అని. ఆ క్షమించడం వదలకండి, అది లేకపోతే ఇది నిద్ర చెడగొట్టే పనవుతుంది. రెండోది ఎపిక్టెటస్‌ది. స్నానశాలకి వెళ్లేముందు అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, దొంగలు ఉంటారని ముందే అనుకుని వెళ్లమంటాడు. బెంజ్ సర్కిల్లో సాయంత్రం ఆరింటికి బండి తీసేముందు నేను చేసేది ఇదే.

అయితే జరగబోయే చెడుని ముందే ఊహించుకోవడం అందరికీ పడదు. ఇప్పటికే రాత్రంతా అదే పనిగా ఊహించుకునేవాళ్లకి, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వేధించే జబ్బు) ఉన్నవాళ్లకి నేనిది చెప్పను, ఆందోళన పెరగడం చూశాను. ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. స్టోయిక్ గ్రంథాల్లో 'తలుపు తెరిచే ఉంది' లాంటి మాటలు వస్తాయి, కొన్ని పరిస్థితుల్లో ప్రాణం తీసుకోవడాన్ని వాళ్లు తప్పుగా చూడలేదు. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు ఆ పేజీలు ఒంటరిగా చదవద్దు. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే పుస్తకం మూసి 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలి మానస్ లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ మార్కస్ అంటారు, నేను సెనెకా ఉత్తరాలంటాను. 124 ఉన్నాయి, రాత్రికి ఒకటి చాలు, బోర్ కొట్టినది వదిలేయండి. ఏడోది గుంపుల గురించి, పద్దెనిమిదోది కొన్నాళ్లు కావాలనే చవక తిండి తిని, ముతక బట్ట కట్టి 'నేను భయపడింది దీనికేనా?' అని తనని తనే ప్రశ్నించుకోమని. ఉద్యోగ భయం ఉన్నప్పుడు ఈ పద్దెనిమిదోది ముందు చదవండి. తర్వాత ఎపిక్టెటస్ ప్రసంగాలు మొదటి భాగం. చేతిపుస్తకం 53 చిన్న అధ్యాయాలే కానీ పిండేసిన సారం కాబట్టి కటువుగా తగులుతుంది, ప్రసంగాల తర్వాతైతే అర్థమవుతుంది.

కొటేషన్ల విషయంలో ఒక చిట్కా. మార్కస్ పేరుతో తిరిగేవాటిలో చాలా ఆయనవి కావు. 'మనం వినేదంతా అభిప్రాయమే, నిజం కాదు; చూసేదంతా ఒక కోణమే, సత్యం కాదు' అన్నది ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు. దారికి అడ్డొచ్చిందే దారి అవుతుంది అన్న భావం మాత్రం ఉంది, 5.20లో, అంటే ఐదో భాగం ఇరవయ్యో పేరాలో. కింద భాగం, అంకె లేని కొటేషన్ ఎవరైనా పంపితే నంబరు అడగండి. మీకు ఏదైనా అనుమానంగా ఉంటే ఇక్కడే పెట్టండి, వెతికి చెప్తాను.